గృహస్థుని ఆరవ సూన

బ్రహ్మచారికి భిక్షయు, అతిథికి అన్నమును, యతికి ఆదరణమును గృహస్థుని ఇంటి నుండియే లభింపవలెను. అందుచేతనే నాలుగు ఆశ్రమములలో గృహస్థాశ్రమము తక్కిన మూడింటికిని ఆధారమని పెద్దలు కొనియాడిరి. అయితే ఇంతగా కొనియాడిన ధర్మశాస్త్రమే ఆ ఇంటిలో దినదినము జరుగు ఒక దోషమును గూర్చియు దాపరికము లేక చెప్పినది. అదియే పంచసూనల ప్రసంగము.

సూన యనగా ప్రాణిహింస జరుగు చోటు. అట్టి చోట్లు గృహస్థుని ఇంటిలో ఐదు కలవని మనుస్మృతి తృతీయాధ్యాయము లెక్కించినది. అవి పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీళ్ళ కుండ. పొయ్యి రాజవేసినపుడు కట్టెలోని పురుగు మాడును. తిరుగలిలో ధాన్యముతో పాటు ధాన్యమును ఆశ్రయించిన జీవి నలుగును. చీపురు క్రింద చీమ చచ్చును. గృహస్థు ఈ పనులను పాపబుద్ధితో చేయుట లేదు. అవి లేక బ్రతుకు సాగదు. అయినను శాస్త్రము వానిని దోషములుగనే ఎంచినది. ఎంచి, ఊరకుండక, ఆ దోషముల పరిహారమునకు పంచమహాయజ్ఞములను విధించినది. వేదాధ్యయనము బ్రహ్మయజ్ఞము; తర్పణము పితృయజ్ఞము; హోమము దేవయజ్ఞము; జంతువులకు పెట్టు బలి భూతయజ్ఞము; అతిథిపూజ మనుష్యయజ్ఞము.

ఇందు గమనింపదగిన సూక్ష్మములు రెండు కలవు. కంటికి కనబడని హింసయు హింసయే యనునది మొదటిది. దానికి పరిహారము ఇల్లు విడిచిపోవుట కాదనియు, దోషమును వీలైనంత తగ్గించి, మిగిలినదానికి ఋణము తీర్చుకొనుటయే యనియు చెప్పునది రెండవది.

ఇక నేటి ఇంటిని చూడుడు. రోటి పని మిక్సీ చేయుచున్నది. తిరుగలి పని పిండిమర చేయుచున్నది. బావి నుండి కుండతో తెచ్చుకొను నీరు మోటారుతో మిద్దెపైనున్న ట్యాంకునకు ఎక్కుచున్నది. పొయ్యి స్థానమున గ్యాసు వచ్చినది. కొన్ని ఇండ్లలో కరెంటు పొయ్యియు వచ్చినది. చీపురునకు సైతము యంత్రము వచ్చినది. పూర్వము ఐదు చోట్ల నుండిన సూనలు దాదాపుగా అన్నియు వాకిట గోడకు బిగించిన ఒక్క మీటరులో చేరినవి. వీనికి తోడు ఫ్యాను, ఫ్రిజ్, గీజరు, ఎయిర్ కండిషనర్ మొదలగు క్రొత్తవియు వచ్చి చేరినవి. కనుక ఈ మీటరును గృహస్థుని ఆరవ సూన యనుట అతిశయోక్తి కాదు.

మీటరు వెనుక నున్నది

ఒక యూనిట్ అనగా వేయి వాట్ల పరికరము ఒక గంట పనిచేసినపుడు ఖర్చగు విద్యుత్తు. బొగ్గుతో నడుచు విద్యుత్కేంద్రములో ఆ ఒక్క యూనిట్ కొరకు సుమారు 600 నుండి 700 గ్రాముల బొగ్గు కాలవలెను. అందు పుట్టిన వేడిలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే విద్యుత్తగును. తక్కినది గాలిలోనికిని నీటిలోనికిని పోవును. గోదావరి లోయలోని సింగరేణి గనులలో కార్మికులు త్రవ్విన బొగ్గు రామగుండమునకును కొత్తగూడెమునకును చేరి, అచట కాలి, తీగల వెంట ఇండ్లకు వెలుగై వచ్చుచున్నది. జలవిద్యుత్తు, సౌరవిద్యుత్తు, పవనవిద్యుత్తు ఎంత పెరిగినను ఈ దేశములో ఉత్పత్తియగు కరెంటులో అధికభాగము నేటికిని బొగ్గు వలననే వచ్చుచున్నది.

పూర్వము పొయ్యి పొగ వండు ఇల్లాలి కంటికే తగిలెడిది. అన్నము తినువాడును పొగను చూచువాడును ఒకే కప్పు క్రింద నుండిరి. నేడు స్విచ్చు నొక్కిన వ్రేలికి మసి అంటదు. మసి అంటువాడు వంద క్రోసుల దూరమున నున్నాడు. దోషము దూరమైనదే గాని తొలగిపోలేదు.

దూరమునకు పోనక్కర లేని ఉదాహరణ మరియొకటి కలదు. అది ఎయిర్ కండిషనర్. ఈ యంత్రము చల్లదనమును పుట్టించునని సామాన్యముగ అనుకొందురు. నిజమునకు అది గదిలోని వేడిని తీసి వెలుపలికి త్రోయును. దీని శక్తిని టన్నులలో చెప్పుటకు కారణమును తెలిసికొనదగినదే. ఒక టన్ను మంచుగడ్డ ఇరువదినాలుగు గంటలలో కరగుటకు ఎంత వేడిని పీల్చునో అంత వేడిని తొలగించు యంత్రము ఒక టన్ను యంత్రము. ఒకటిన్నర టన్నుల యంత్రము పూర్తిగ పనిచేయునపుడు గదినుండి అయిదువేల వాట్లకు పైగా వేడిని తీయును. అందులకు తాను సుమారు పదిహేనువందల వాట్ల కరెంటును తినును. ఆ తిన్నదియు వేడిగనే మారును. రెండును కలిసి ఇంచుమించు ఆరువేల ఐదువందల వాట్ల వేడి గోడ వెలుపలి పెట్టె నుండి వీధిలోనికి వచ్చును. అనగా లోపల తీసిన వేడి కంటె వెలుపల వదలిన వేడి ఎక్కువ. ఆ వీధిలో పూలమ్ము స్త్రీ కూర్చుండును. ఎదుటి రేకుల ఇంటిలో పసిబిడ్డ ఉండును. అపార్టుమెంటు మెట్ల క్రింద కాపలాదారుడు నిదురించును.

2019లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన శీతలీకరణ ప్రణాళికలో, అప్పటికి దేశములో నూటికి సుమారు ఎనిమిది ఇండ్లలో మాత్రమే గది ఎయిర్ కండిషనర్లు కలవని లెక్క చెప్పబడినది. ఆ తరువాత ఆ సంఖ్య పెరిగినది, ఇంకను పెరుగును. చల్లదనము కొద్దిమందిది, వెలుపలికి వచ్చు వేడి మాత్రము అందరిది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వేయిమందికి మించి మరణించిరి. ఎండలో పనిచేయక తప్పని కూలీలును, వృద్ధులును అందు ఎక్కువగా బలియైరి. ఆ మరణములకు ఏ ఒక్క ఇంటి యంత్రమునో కారణముగ చెప్పుట న్యాయము కాదు. కాని వేడి ప్రాణములు తీయునంతటిదని తెలిసిన తరువాత, దానిని వీధిలోనికి వదలు పనిని నిర్దోషమని తలచుటయు న్యాయము కాదు.

సంశయము, పూర్వపక్షము

ఏ విషయమును నిర్ణయింపవలెనన్నను మొదట సంశయమును, పిదప పూర్వపక్షమును నిలిపి, తరువాత సిద్ధాంతమును చెప్పుట పూర్వాచార్యుల పద్ధతి. ఇచట సంశయమిది: తన సొమ్ముతో కొన్న విద్యుత్తును తన ఇంటిలో యథేచ్ఛముగ వాడుకొను గృహస్థునకు దోషము కలదా, లేదా?

లేదని చెప్పువారి వాదములు నాలుగు విధములు. బిల్లు కట్టినవానికి ఇక ఎవరి ఋణమును లేదు. సొమ్ము అతనిది, సుఖమును అతనిది అని మొదటి వాదము. భగవంతుడు ఇచ్చిన సంపదను ననుభవింపక లెక్కలు చూచుకొనుట లోభము. ఉత్సవమునకు, పూజకు వెలిగించు దీపములకు లెక్క చూచుట అంతకంటె తప్పు అని రెండవ వాదము. దేశమంతయు వాడుచుండగా ఒక్క ఇల్లు మిగిల్చినది సముద్రములో కాకిరెట్ట వంటిది అని మూడవ వాదము. తక్కువ కరెంటు తిను బల్బులు, ఫ్యాన్లు, యంత్రములు వచ్చినవి గనుక ఇక మనుష్యుడు నిగ్రహము పాటింపనక్కర లేదు. నిగ్రహమును యంత్రమే చూచుకొనును అని నాలుగవ వాదము.

ఈ నాలుగింటిలో ఏదియు తెలివిలేని మాట కాదు. లోకములో సజ్జనులును ఈ మాటలనే చెప్పుచున్నారు. కనుక ఒక్కొక్కదానికి సమాధానము చెప్పవలసియున్నది.

సిద్ధాంతము

మొదటి వాదమునకు సమాధానము యాత్రికులకు సులభముగ తెలియగలదు. ఒక యాత్రికుడు సత్రములో గది తీసికొనెను. అద్దె ముందుగనే చెల్లించెను. దర్శనమునకు పోవుచు రెండు ఫ్యాన్లను, రెండు దీపములను అట్లే ఉంచి తాళము వేసి పోయెను. వరుసలో ఆరు గంటలు గడచెను. ఆ ఆరు గంటలలో ఆ గదిలో సుమారు ఒక యూనిట్ ఖర్చయ్యెను. అనగా అరకిలోకు మించిన బొగ్గు కాలెను. ఆ గాలి ఎవరికిని తగులలేదు. ఆ వెలుగు ఎవరికిని దారి చూపలేదు. అతడు చెల్లించిన అద్దె దేనికి? ఆ గదిలో నివసించుటకు. నివసించు హక్కు వేరు, వ్యర్థపరచు హక్కు వేరు. రెండవదానిని సత్రము ఎవరికిని అమ్మలేదు.

తన సొంత ఇల్లు సత్రము కాదు గదా యని అడుగువారుందురు. శ్రీవైష్ణవ సిద్ధాంతము ఎరిగినవారు ఆ ప్రశ్న వేయరు. జీవుడు శేషుడు, భగవంతుడు శేషి. శేషియగు స్వామికి ఉపయోగపడుటయే శేషునకు స్వరూపము. తానే తనకు సొంతము కానపుడు తన ఇల్లు, తన మీటరు, తన వాడుక మాత్రము సొంతమెట్లగును? జగత్తంతయు ఈశ్వరునిచే వ్యాప్తమైనదని ఈశావాస్యోపనిషత్తు ఆరంభముననే బోధించినది. పైకము పంపిణీ సంస్థకు ముట్టినది. గనిలోని బొగ్గును సృష్టించినవానికి ఏమియు ముట్టలేదు. వీధిలో వేడిని భరించినవారికిని ఏమియు ముట్టలేదు. కావున బిల్లు కట్టుటతో సంస్థ ఋణము తీరును, ధర్మఋణము తీరదు.

రెండవ వాదములో లోభమునకును మితమునకును భేదము మరువబడినది. రెండును పైకి ఒకటిగనే కనబడును. రెండును స్విచ్చును ఆపును. వానిని వేరు చేయుటకు రెండు ప్రశ్నలు చాలును. తగ్గినది ఎవరి భాగము? మిగిలినది ఎవరికి చేరినది? వృద్ధురాలైన తల్లి గదిలో ఫ్యాను ఆపించి కరెంటు మిగిల్చితినని సంతోషించువాడు లోభి. పనిమనిషి వంటింటిలో చెమటలు కార్చుచుండగా అచట గాలి అక్కరలేదనువాడు లోభి. వడగాడ్పు వీచుదినమున రోగికిని శిశువునకును చల్లదనము కల్పించుట వ్యర్థము కాదు. అది ప్రాణరక్షణము, ప్రథమధర్మము. మితము పాటించువాడు తన భాగమును తగ్గించుకొనును, ఇతరుల భాగమును ముట్టుకొనడు.

ఇక దేవుని దీపముల మాట. ప్రాచీనాలయముల గర్భగృహమును చూచినవారు ఒక విషయమును గుర్తించియే యుందురు. గోడలు దళసరి రాతితో కట్టబడినవి, కిటికీలు లేవు, లోపల నేతిదీపము తప్ప వెలుగు లేదు. శిల్పికి వెలుగు కల్పించుట చేతకాక అట్లు కట్టలేదు. హారతి ఎత్తినపుడు స్వామి ముఖమండలము ఒక్కసారి ప్రకాశింపవలెనని కట్టెను. వెలుగు మితమైనచోటనే దర్శనము మహత్తరమైనది. ఉత్సవదినములలో భక్తులు తిరుగు వీధులలో దీపములు వెలిగించుట సేవయే. భక్తులందరును ఇండ్లకు చేరిన పిదప తెల్లవారువరకు నిర్జనవీధిలో వెలుగు దీపమాల మాత్రము ఎవరికి సేవ? స్వామి వైభవము యూనిట్లతో కొలువబడునది కాదు. ఒక తులసీదళమునకు ప్రసన్నుడగు స్వామికి వ్యర్థవ్యయము ప్రీతికరమని తలచుట భక్తి అనిపించుకొనదు.

మూడవ వాదమునకు లోకమే సమాధానము చెప్పినది. పూర్వపు 60 వాట్ల గాజు బల్బు తాను తిన్న కరెంటులో నూటికి తొంబది పాళ్ళకు మించి వేడిగనే మార్చెడిది. నేడు అంతటి వెలుగును 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇచ్చుచున్నది. 2015 జనవరిలో ఉజాలా పథకము మొదలైనది. దాని ద్వారా ప్రజలకు చేరిన బల్బుల సంఖ్య 36 కోట్లు దాటినది. 2014 ఆరంభమున ప్రభుత్వ కొనుగోలులో సుమారు 310 రూపాయలు పలికిన బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. ఎందుచేత? కోట్లమంది కొన్నందున. ఏ ఒక్క ఇల్లును ఆ ధరను తగ్గించలేదు. ఏ ఒక్క ఇల్లును లేకుండ ఆ ధర తగ్గలేదు. మొదట హెచ్చు ధరకు కొన్న గృహస్థు తెలిసియో తెలియకయో తరువాత కొన్న పేదవానికి ఉపకారము చేసినాడు. ఒక్క ఫ్యాను లెక్కయు ఇట్టిదే. సామాన్యమైన ఫ్యాను 75 వాట్లు తినును. బి.ఎల్.డి.సి. అను క్రొత్తరకపు మోటారు గల ఫ్యాను 30 వాట్లతో అంత గాలి నిచ్చును. దినమునకు పన్నెండు గంటలు తిరిగినచో ఒక్క ఫ్యాను వలన ఏడాదికి ఇంచుమించు 197 యూనిట్లు మిగులును. అనగా వంద కిలోలకు పైగా బొగ్గు భూమిలోనే నిలుచును. ఇది కాకిరెట్ట కాదు.

నాలుగవ వాదమే అన్నింటికంటె బలమైనది, ప్రమాదకరమైనదియు. యంత్రము మెరుగైనచో నిగ్రహముతో పనిలేదనునది ఆ వాదము. 1865లో ఇంగ్లండుదేశమున విలియం స్టాన్లీ జెవన్స్ అను అర్థశాస్త్రజ్ఞుడు బొగ్గును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. ఆవిరియంత్రములు మెరుగై తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయసాగినవి గదా, కనుక దేశములో బొగ్గు వాడుక తగ్గవలెను. కాని తగ్గలేదు, పెరిగినది. పని చౌక యైనకొలది ఆ పనిని ఎక్కువగ కోరిరి. ఇంటిలోను ఇదియే జరుగుచున్నది. బల్బు తక్కువ తినునని ఒక్క దీపముండిన చోట పది దీపములు పెట్టిరి. కప్పు చుట్టు వెలుగుల వరుసలు అమర్చిరి. యంత్రమునకు ఐదు నక్షత్రములున్నవని గదిని పదునెనిమిది డిగ్రీలకు చల్లార్చి, దుప్పటి కప్పుకొని నిదురించిరి. యంత్రము మిగిల్చినదానిని కోరిక భుజించినది.

ఈ సత్యమును చెప్పుటకు భారతీయులకు జెవన్స్ రానక్కర లేదు. యయాతి చరిత్రము చాలును. శాపవశమున ముసలితనము పొందిన ఆ రాజు తన కుమారుడగు పూరుని యౌవనమును అడిగి తీసికొని, వేయి సంవత్సరములు భోగములనుభవించి, భోగముచేత కోరిక చల్లారదని చివరకు తెలిసికొని యౌవనమును తిరిగి ఇచ్చివేసెను. ఆ కథలో అతి సూక్ష్మమైన అంశమొకటి కలదు. తండ్రి అనుభవించినది కుమారుని ఆయువులోని భాగము. నేటివారు కాల్చు బొగ్గు, వేడెక్కించు గాలి సైతము బిడ్డల భాగములోనివే. యయాతి కుమారుని అడిగెను, పూరుడు ఒప్పుకొనెను. నేటి బిడ్డలను ఎవరును అడుగలేదు. పైగా యయాతి తీసికొన్నదానిని తిరిగి ఇచ్చెను. కాలిన బొగ్గును తిరిగి ఇచ్చు ఉపాయము ఎవరికిని తెలియదు.

కావున సిద్ధాంతము ఇట్లు ఏర్పడుచున్నది. మేలైన పరికరము గ్రాహ్యమే. దానిని వలదనుట మూఢత్వము. కాని పరికరము సాధనము మాత్రమే. నిగ్రహము లేనిచోట అది భోగమును పెంచును. నిగ్రహమున్నచోట దోషమును తగ్గించును. యంత్రమునకు నక్షత్రములు ఎన్ని యున్నను వాడువానికి వివేకమను ఒక్క నక్షత్రము లేనిచో ఫలము సున్న.

చేయదగినది

విచారణకు ప్రయోజనము ఆచరణము. గృహస్థు ఇందు ఒక క్రమమును పాటింపవలెను.

మొదట ఇల్లు. యంత్రము కొనుటకు ముందే ఇంటిని చక్కదిద్దవలెను. తెలుగువారు నివసించు ఈ ప్రాంతములలో వేసవి నెలల మధ్యాహ్నమున సూర్యుడు దాదాపు నడినెత్తిన నిలుచును. కనుక ఎండ ఎక్కువగ తగులునది గోడకు కాదు, కప్పునకు. పూర్వులు దీనిని ఎరిగియుండిరి. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో నడుమ ఆకాశమునకు తెరచిన వాకిలి నుండి వేడిగాలి పైకి పోయెడిది. చుట్టునున్న వసారాలు గోడలకు నీడ నిచ్చెడివి. రాయలసీమలో దళసరి రాతిగోడలపై మట్టిమిద్దెలు వేసిరి. పగటి ఎండ ఆ మట్టిని దాటి లోపలికి వచ్చునప్పటికి సాయంకాలమయ్యెడిది. వేసవిలో కిటికీలకు కట్టిన వట్టివేళ్ళ తడికలపై నీరు చల్లి గాలిని చల్లబరచుకొనిరి. నేటి కాంక్రీటు కప్పు పలుచనిది. పగలంతయు వేడిని త్రాగి రాత్రియంతయు లోపలికి క్రక్కును. దానిపై తెల్లని సున్నము గాని, ఎండను త్రిప్పికొట్టు తెల్లని రంగు గాని పూసినచో లోపలి వేడి రెండు మొదలు ఐదు డిగ్రీల వరకు తగ్గును. ఇంత చిన్న పనికి ప్రాధాన్యము నిచ్చి తెలంగాణ రాష్ట్రము 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను అట్లు మార్చవలెనని లక్ష్యము పెట్టుకొన్నది.

క్రొత్తగా ఇల్లు కట్టువారు పడమటి గోడకు పెద్ద కిటికీలు పెట్టక, ఎదురెదురుగ గాలి ఆడు కిటికీలు పెట్టి, వానిపై సన్‌షేడ్లు వేయించి, పడమట ఒక వేపచెట్టు నాటినచో, ఆ ఇల్లు ఏబది ఏండ్లు మీటరుపై భారము మోపదు. ఈ మాట పాతకాలపు చాదస్తము కాదు. హైదరాబాదులో 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం ప్రారంభించిన సోరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ దేశములో ప్లాటినం శ్రేణిని పొందిన మొదటి హరితభవనము. ఆ భవనములో ఉన్నవేమి? నడుమ తెరచిన ముంగిలి, ఎండను వడగట్టు జాలీగోడలు, కప్పుపై పచ్చిక, గాలిని చల్లబరచి లోపలికి పంపు గాలిగోపురములు. ఎంతో పరిశోధన చేసి ఆధునికులు చేరుకొన్న చోట మండువా లోగిలి ముందే కూర్చుండియున్నది.

రెండవది పరికరము. పాతది చెడినపుడు మేలైనదానిని కొనవలెను. మన్నికగ పనిచేయుచున్నదానిని పారవేసి మోజుకొలది క్రొత్తది కొనుట మరియొక వ్యర్థము. మూడవది వాడుక. 2020 జనవరి నుండి నక్షత్రముల గుర్తు గల గది ఎయిర్ కండిషనర్లు 24 డిగ్రీల వద్ద మొదలగునట్లు నిబంధన వచ్చినది. ఒక్క డిగ్రీ పెంచిన కొలది నూటికి సుమారు ఆరు పాళ్ళ కరెంటు మిగులునని లెక్క. కనుక ఆ అంకెను క్రిందికి దింపుటకు ముందు వీధివైపు ఒక్కసారి చూచుట గృహస్థునకు ఉచితము. గది విడిచిపోవునపుడు స్విచ్చు నాపుట పిల్లలకు నేర్పవలెను. బిల్లు భయముతో నేర్పినచో వారు పెద్దవారై ధనము సంపాదించిన దినమున మరతురు. ఇది మనదికాదు, స్వామిది యని నేర్పినచో ఎంత ధనము వచ్చినను మరువరు.

ఆలయములును ఇందు మార్గము చూపినవి. తిరుమలలో 2002లో అన్నప్రసాదపు వంటకై 106 అద్దపు గిన్నెలతో సౌరపాకవ్యవస్థ ఏర్పాటైనది. ఆ గిన్నెలు సూర్యుని అనుసరించి తిరుగుచు, కిరణములను ఒకచోటికి చేర్చి నీటిని ఆవిరిగ మార్చునట్లును, ఆ ఆవిరితో దినమునకు సుమారు 15,000 మందికి వంట చేయునట్లును దానిని నిర్మించిరి. సూర్యనారాయణుని తేజస్సుతోనే నారాయణుని భక్తులకు అన్నము వండుట యెంత ఉచితమైన కైంకర్యమో భక్తులు ఊహించుకొనవచ్చును.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, ఋణము తీర్చుట. పంచసూనలకు పరిహారముగ యజ్ఞములను చెప్పిన శాస్త్రము దోషమును తగ్గించుటతో తృప్తిపడలేదు. ఇచ్చుటను విధించినది. మిగిలిన కరెంటుసొమ్ము తిరిగి తన భోగమునకే పోయినచో అది జెవన్స్ చెప్పిన చక్రములో పడును. అది వెలుపలికి పోయినపుడే యజ్ఞమగును. ఇంటిలో పనిచేయు స్త్రీ రేకుల ఇంటిలో నివసించుచున్నదా? ఏడాదిలో మిగిలిన సొమ్ముతో వేసవికి ముందే ఆ రేకులపై తెల్లని రంగు వేయింపవచ్చును. కాపలాదారునకు ఒక ఫ్యాను అమర్పింపవచ్చును. వీధిలో ఒక చలివేంద్రము పెట్టింపవచ్చును, ఒక చెట్టు నాటింపవచ్చును. ఇది మనుష్యయజ్ఞము. ఆ చెట్టు నీడలో పశువు నిలుచును, పక్షి గూడు కట్టును, అది భూతయజ్ఞము. తన గది నుండి వెలుపలికి పోయిన వేడికి, తన చేతి నుండి వెలుపలికి పోయిన చల్లదనము బదులుగ నిలుచును.

సంపూర్ణముగ నిర్దోషమైన ఇల్లు లోకములో లేదు. పొయ్యి వెలుగక అతిథికి అన్నము లేదు. దీపము వెలుగక చదువు లేదు. అందుచేత గృహస్థు భయపడి చీకటిలో కూర్చుండనక్కర లేదు. కావలసినంత వెలిగించి, కావలసినంత చల్లార్చి, అక్కర తీరినంతనే ఆపి, మిగిలినదానిని లేనివారి ఇంటికి చేర్చిన చాలును. అట్టి గృహస్థుని మీటరు సూనగ పుట్టినను యజ్ఞముగ ముగియును. సర్వశేషియగు శ్రీనివాసుడు తన భక్తుల ఇండ్లను చల్లగ చూచుగాక! ఆ చల్లదనము గోడ దాటి పొరుగువారికిని అందుగాక!